దొంగ గురక

ఈ మధ్య ఒక కాలేజీలో ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలతో మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. ఒకమ్మాయి లేచి, "మేడమ్, వెన్నుకు పెద్ద ఆపరేషన్ అయినవాళ్లతో మనం చేయించే వాటిల్లో అన్నిటికన్నా కష్టమైనది ఏది?" అని అడిగింది. మంచం మీంచి లేపడమనో, మెట్లెక్కించడమనో చెబుతాననుకుని చాలామంది పెన్నులు తీశారు. "నిద్రపుచ్చడం" అన్నాను. హాలంతా నవ్వింది. నవ్వించడానికి నేనా మాట అనలేదు. అప్పటికే టైమైపోవడంతో ఎందుకన్నానో చెప్పే వీలు లేకపోయింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చెప్పడానికి నా దగ్గర సిద్ధాంతాలేమీ లేవు. ఒక మనిషి కథ ఉంది. ఆయన భార్య కథ కూడా.

మసాజ్ మేడమ్

నేను పుట్టింది తెనాలి పక్క పల్లెలో. పెళ్లయి తార్నాక వచ్చాను. ఇప్పుడు తార్నాక కాకుండా ఇంకో ఊరేదైనా ఉందంటే నమ్మలేనంతగా ఇక్కడిదాన్నైపోయాను. కొన్నేళ్లు ఒక పెద్దాసుపత్రిలో, ఆ తర్వాత రిటైరయ్యేదాకా యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. సాయంత్రాలు, సెలవు రోజుల్లో స్కూటీ మీద ఇళ్లకు వెళ్లేదాన్ని. విద్యానగర్, బౌద్ధనగర్, ఒక్కోసారి రామంతాపూర్ దాకా. నేను గేటు తీస్తుంటే మేడ మీంచి ఎవరో ఒకరు "మసాజ్ మేడమ్ వచ్చింది" అని లోపలికి కేకేసేవాళ్లు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. చదివిన చదువంతా చెప్పి సరిదిద్దాలనిపించేది. తర్వాత మానేశాను. నొప్పితో పడుకున్న మనిషికి నా డిగ్రీ పేరు ఎందుకు?

పెద్దాసుపత్రిలో నా పై అధికారి సుధాకర్ గారు. ఆయనకు కోపం ఎక్కువ. పేషెంట్ల ముందే మా మీద అరిచేసేవాడు, తర్వాత తప్పు తనదని తెలిసినా ఒక్క మాట అనేవాడు కాదు. ఆ గుణం నేను మెచ్చుకోను. మీరూ నేర్చుకోకండి. కానీ ఆయన దగ్గరే నేను ఈ పని నేర్చుకున్నాను. కొత్తలో ఒకసారి తుంటి విరిగిన ఒక పెద్దాయన కాలు పట్టుకుని నేను కసరత్తు మొదలుపెట్టబోతుంటే, ఈయన నన్ను పక్కకు జరగమని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రాత్రి ఎట్లా గడిచింది పెద్దాయనా?" అని అడిగాడు. పెద్దాయన చాలాసేపు చెప్పాడు. ఈయన విన్నాడు. లేచి వచ్చేశాడు.

వరండాలో నేను గొణిగాను. "ఒక్క కసరత్తూ చేయించలేదు కదండీ."

"రేపు ఆయనే చేస్తాడమ్మా. ఇవాళ బలవంతపెడితే రేపు నిన్ను చూసి గోడవైపు తిరుగుతాడు."

ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద అన్నీ రాసిస్తారు. ఏం ఎత్తకూడదు, ఎట్లా కూర్చోవాలి, కుట్లకు నీళ్లు ఎప్పుడు తగలొచ్చు. రాత్రుళ్లు ఎట్లా ఉంటాయో మాత్రం ఎవరూ చెప్పరు. ఇంటికొచ్చిన మొదటి రాత్రే ఆ మనిషికి అది తెలుస్తుంది. అప్పుడు అడుగుదామంటే పక్కన ఎవరూ ఉండరు.

సత్తయ్య సార్

నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో సత్తయ్య గారి ఇంటికి వెళ్లాను. క్యాంపస్‌లో పొద్దున నడిచేవాళ్లకు ఆయన గొంతు తెలియకుండా ఉండదు. ఆడపిల్లల కబడ్డీ జట్టుకు కోచ్. జనగామ వైపు వ్యవసాయ కుటుంబం నుంచి చదువుకోసం వచ్చి, ఆటలో పేరు తెచ్చుకుని, ఇక్కడే స్థిరపడ్డాడు. నెమళ్లు అరిచే వేళకే గ్రౌండులో ఉండేవాడు. "పట్టు ఇడువకు! పట్టు ఇడువకు బిడ్డా!" అన్న కేక హాస్టళ్ల దాకా వినిపించేది.

వెన్నుపూస జారి, నరం నొక్కుకుని, ఒక కాలు తిమ్మిరెక్కి ఈడ్చే స్థితి వచ్చాక ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. పెద్ద ఆపరేషన్. నడుములో రాడ్లు, స్క్రూలు వేసి బిగించారు. అది బాగా జరిగింది. కాలిలో స్పర్శ తిరిగొచ్చింది. నేను మొదటిసారి వెళ్లేసరికి వాకర్ పట్టుకుని గది దాటగలుగుతున్నాడు. గాయం శుభ్రంగా మానుతోంది. కాగితం మీద చూస్తే అంతా సవ్యమే.

మనిషిని చూస్తే అట్లా లేదు. కళ్ల కింద నల్లగా గుంటలు. మాట మధ్యలో తెగిపోయేది. చెంచా కింద పడితే ఉలిక్కిపడేవాడు.

"రాత్రి ఎలా గడిచింది సార్?"

"మంచిగనే పండుకున్న మేడమ్." టక్కున చెప్పాడు.

ఆయన భార్య పద్మ టీ పట్టుకొచ్చింది. రామంతాపూర్‌లో ఒక బడిలో తెలుగు టీచరు. ఆయన ఎంత గట్టిగా మాట్లాడతాడో ఆమె అంత మెల్లగా. ఆమె కళ్ల కింద కూడా అవే గుంటలు.

"మా సారు రాత్రంతా గురక పెట్టిండు మేడమ్" అంది, కప్పు నా చేతికిస్తూ. నా కళ్లలోకి చూడకుండా అంది.

ఇద్దరూ నిద్రపోయామంటారు, ఇద్దరి మొహాల్లోనూ నిద్ర లేదు. నాకు అర్థం కాలేదు. ఆ రోజుకు చేయించాల్సింది చేయించి వచ్చేశాను. వెళ్లిన ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. కసరత్తులేమో ముందుకు సాగడం లేదు. కాలు ఎత్తమంటే ఎత్తేవాడు, కానీ ఒళ్లంతా కర్రలా బిగించి ఎత్తేవాడు. కొంచెంసేపటికే చెమటలు పట్టేవి. నొప్పి తగ్గాల్సిన సమయంలో పెరుగుతోందన్నాడు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "ఎందుకు చేయించుకున్ననో ఈ ఆపరేషన్" అన్నాడు. నాతో కాదు, కిటికీతో.

పక్కింటాయన మాత్ర

ఒక పొద్దున నేను ఆరోగ్య కేంద్రంలో ఉండగా పద్మ ఫోన్ చేసింది. "మేడమ్, మా సారు పడ్డడు."

వెళ్లేసరికి ఆయన్ను మంచం మీద పడుకోబెట్టారు. నుదుటి మీద చిన్న గాయం. పక్కింట్లో బ్యాంకు నుంచి రిటైరైన ఒకాయన ఉన్నాడు. మంచి మనిషి. సత్తయ్య గారు నిద్ర పట్టట్లేదని ఆయనతో ఒక్కడితోనే చెప్పుకున్నాడట. పాపం, సాయం చేద్దామని ఆయన తాను వాడే నిద్రమాత్ర ఇచ్చాడు. ఒకటి పని చేయలేదని సత్తయ్య గారు ఇంకోటి వేసుకున్నాడు. అప్పటికే కడుపులో ఆసుపత్రి వాళ్లిచ్చిన గట్టి నొప్పిమాత్ర ఉంది. తెల్లవారుతుండగా మత్తులోనే లేచి, వాకర్ లేకుండా, నడుముకు బెల్టు లేకుండా బాత్‌రూమ్‌కి నడిచాడు. వాష్‌బేసిన్ దగ్గర కాళ్లు తేలిపోయాయి.

పిల్లలూ, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒకరి నిద్రమాత్ర ఇంకొకరికి మందు కాదు. గట్టి నొప్పిమాత్రలతో కలిస్తే ఊపిరే మందగించవచ్చు. మీరు వెళ్లే ఇంట్లో మంచం పక్కనున్న మాత్రలు ఏవి, ఎవరిచ్చారు అని అడగడం మీ పని కాదని ఎవరైనా అంటే వినకండి. అడగండి. అడిగింది డాక్టరుకు చెప్పండి.

కాళ్లలో తిమ్మిరి వచ్చిందా, మూత్రం ఆగిందా అని అన్నీ చూసుకుని, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీశారు. రాడ్లు, స్క్రూలు ఎక్కడివక్కడే ఉన్నాయన్నారు. పద్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సత్తయ్య గారు మాత్రం ఆ ఫిల్మ్ వైపు అపనమ్మకంగా చూస్తూనే ఉన్నాడు. రిఫరీ తప్పుడు పాయింటు ఇచ్చినప్పుడు కోచ్ చూసే చూపు అది.

పట్టు

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. పద్మ బడిలో ఉంది. పక్కింటాయన తలుపు తీసి, మొహం చిన్నబుచ్చుకుని, "నేనుంటే మాట్లాడడు లెండి" అని తన ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆ రోజు కసరత్తులు లేవని చెప్పాను. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, ఆయన తల కింద నా అరచేయి పెట్టాను.

"తల బరువంతా నా చేతిలో వదిలేయండి సార్."

వదల్లేదు. మెడ నరాలు తాళ్లలా తేలి ఉన్నాయి. భుజాలు చెవుల దగ్గరికి వచ్చి ఉన్నాయి. దవడ బిగుసుకుని ఉంది. పడుకున్న మనిషి కాదది, గీత మీద నిలబడి రైడర్ కోసం కాచుకున్న మనిషి. ఇన్ని రోజులు నేను నడుము చూశాను, కాళ్లు చూశాను, ఈ తలను ఒక్కసారి చేతిలోకి తీసుకోలేదు.

"దేన్ని పట్టుకున్నారు సార్ ఇంత గట్టిగా?"

ఆయన చూపు పైకప్పు మీదికి వెళ్లింది. నేను చెయ్యి తీయలేదు. కింద వీధిలో స్కూలు ఆటో ఒకటి ఆగి, పిల్లలు దిగిన సందడి వినిపించింది. అది సద్దుమణిగాక అన్నాడు:

"దవాఖానల నుంచి పంపేటప్పుడు ఒకాయన చెప్పిండు మేడమ్. మర్లేటప్పుడు జాగ్రత్త, ఇష్టమొచ్చినట్టు మర్లితే స్క్రూలు కదుల్తయి, మళ్లా కొయ్యాలె అని."

"అవును, జాగ్రత్తగానే తిరగాలి. అది నేనూ చెప్పాను కదా."

"మెలకువల ఉంటే జాగ్రత్తగనే మర్లుత. మరి నిద్రల? నిద్రల మనిషికి సోయి ఉండదు గద మేడమ్. నేను చిన్నప్పటి సంది మంచం మీద ఈ కొస నుంచి ఆ కొసకు దొర్లేటోణ్ణి. మా అమ్మ నన్ను కింద చాప మీద పండవెట్టేది. నాకు నేను తెల్వకుంట మర్లితే? ఇంత ఆపరేషన్, ఇంత మంది కష్టం, అంతా ఒక్క రాత్రికి పాడైతే? అందుకే..."

"అందుకే నిద్రపోవట్లేదా?"

"కన్ను అంటుకుంటే దిగ్గున లేస్త. చేతులతోని మంచం పట్టెలు పట్టుకుంట. సోయి ఉంటెనే ఎముక నిలవడతది అనిపిస్తది. చదువుకున్నోణ్ణే. పిచ్చి బుగులు అని నాకు తెల్వదా? పొద్దుగాల తెలుస్తది. చీకటి పడంగనే తెల్వదు."

నిద్ర రావడం లేదని మేం ఇన్నాళ్లు అనుకున్నాం. ఆయనేమో వస్తున్న నిద్రను గుమ్మంలోనే నిలేసి వెనక్కి పంపుతున్నాడు. పట్టు వదలొద్దని వేలమంది పిల్లలకు నేర్పిన మనిషి, తన ఒంటి మీద తానే పట్టు వేసి వారాల తరబడి అట్లాగే ఉండిపోయాడు. ఆ బిగువు వల్లే నొప్పి. ఆ నొప్పి వల్ల మళ్లీ భయం.

"అంతా మీ మనసులోనే ఉంది" అని అనలేదు నేను. మీరూ ఎప్పుడూ అనకండి. ఆ మాట విన్న మనిషి మళ్లీ నోరు విప్పడు. "ఈ ప్రశ్న ఆపరేషన్ చేసిన డాక్టరునే అడుగుదాం సార్" అన్నాను. అక్కడే ఫోన్ చేసి, ఆ వారంలోనే వెళ్లే ఏర్పాటు చేశాను.

ఆ డాక్టరు చాలా రద్దీ మనిషి. అయినా, ఆ రోజు ఎక్స్‌రే లైటు మీద పెట్టి ఒక్కో స్క్రూ పెన్ను మొనతో చూపించాడు. "ఇవి ఎముక లోపలికి ఇంత దూరం వెళ్లాయి. పడితేనే కదల్లేదు, నిద్రలో పక్కకు తిరిగితే కదులుతాయా? లేచేటప్పుడు, కూర్చునేటప్పుడు నేర్పినట్టు చెయ్యండి. నిద్రలో మీ ఒళ్లు ఎటు తిరిగితే అటు తిరగనివ్వండి, నొప్పి పెడితే అదే ఆగుతుంది" అన్నాడు. మాత్రల వేళలు కూడా మార్చి రాశాడు, నొప్పిమందు పొద్దుటికన్నా రాత్రికి ఎక్కువ పనిచేసేలా. నిద్రకంటూ వేరే మాత్ర ఇవ్వలేదు. బయటికొచ్చాక సత్తయ్య గారు ఆటో ఎక్కబోతూ, "గీ మాట మొదలే చెప్తే ఏం పోయేది మేడమ్?" అన్నాడు. భయపెట్టడానికి ఒక వాక్యం చాలు. ఆ భయం తీయడానికి ఒక మనిషి కూర్చుని చెప్పాలి. కూర్చునే తీరిక మా వృత్తిలో ఎప్పుడూ కొరతే.

పక్క గది

ఇంకో సగం నాకు పద్మ చెప్పింది. డాక్టరును కలిసి వచ్చాక ఒక సాయంత్రం నన్ను సాగనంపడానికి కిందికి వచ్చి, స్కూటీ దగ్గర నిలబడింది.

"అక్కా, నిజం చెప్తున్న. మా సారు ఒక్క రాత్రి గూడ నిద్రపోలేదు. నాకు మొదటి నుంచి తెలుసు."

"మరి గురక పెట్టారని చెప్పారు కదా పద్మా?"

"అది దొంగ గురక."

నాకు నవ్వు రాబోయింది. ఆమె మొహం చూసి ఆపుకున్నాను.

ఆసుపత్రి నుంచి రాగానే అద్దెకు తెచ్చిన ఎత్తు మంచం హాల్లో వేశారు. పద్మను పడకగదిలోనే పడుకోమని ఆయన పట్టుబట్టాడు. పొద్దున రెండు బస్సులు మారి బడికి పోవాలి, నా వల్ల నువ్వు నిద్ర చెడగొట్టుకోవద్దు అన్నాడు. ఆమె వెళ్లి పడుకునేది. కానీ ఆయన పిలుస్తాడేమోనని చెవులు హాల్లోనే ఉండేవి. పక్క మీద కదిలితే గాజులు చప్పుడయ్యేవి. ఆ చప్పుడు విని, ఈమె ఇంకా పడుకోలేదని ఆయనకు తెలిసిపోయేది. తాను నిద్రపోయాననుకుంటే ఈమె కూడా పడుకుంటుందని గురక మొదలుపెట్టేవాడు.

"పెండ్లయిన కాడి నుంచి వింటున్న ఆయన గురక. అది ముందు మెల్లగ షురూ అయితది, పెద్దగయితది, ఎవరో పిలిచినట్టు టక్కున ఆగి, మళ్ల షురూ అయితది. ఇదేమో మిషన్ కొట్టినట్టు ఒక్క తీరుగ పోతది. పాపం, గంతసేపు ఎట్ల చేస్తడో! నా కోసమే చేస్తుండని తెలిసి, నేను గాజులు తీసి దిండు కింద పెట్టుకుని, కదలకుంట పండుకుంటున్న. నేను పడుకున్ననని ఆయన అనుకోవాలె గద."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇన్ని రోజులాయె అక్కా. అడుగుదామంటే, పట్టువడ్డనని చిన్నబోతడేమో అని భయం."

ఇద్దరు మనుషులు గోడకు అటూ ఇటూ, ఒకరికోసం ఒకరు, నిద్ర నటిస్తూ పడుకున్నారు. నా ఉద్యోగంలో ఎన్నో నొప్పులు చూశాను గానీ, ఆ గోడ దగ్గర జరిగిందానికి ఏ కసరత్తు చెప్పాలో ఏ క్లాసులోనూ వినలేదు. స్కూటీ తాళం మళ్లీ బ్యాగులో వేసుకుని, "పదండి పైకి" అన్నాను.

పైకి వెళ్లి సత్తయ్య గారితో, "సార్, ఆ ఎత్తు మంచం ఇక మీకు అక్కర్లేదు. ఇవాళ్టి నుంచి మీ మంచం మీదే పడుకోండి, పడకగదిలో" అన్నాను. ఆయన పద్మ వైపు చూశాడు.

"ఆమె నిద్ర ఖరాబైతది మేడమ్."

"నీకోసం చెవులు పెట్టుకుని ఎట్లాగూ పడుకుంటలేను" అంది పద్మ. ఆయన ముందు అంత గట్టిగా ఆమె మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. "నీ గురక దొంగ గురకని నాకు మొదటి రోజే తెలుసు."

ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే నడుము నొప్పి పెట్టింది, అబ్బా అంటూనే నవ్వాడు. పద్మ పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేసింది. నేను మంచినీళ్లు తాగాలన్నట్టు వంటింట్లోకి వెళ్లి, అక్కడ కావాలనే ఆలస్యం చేశాను.

మెల్లమెల్లగా

ఆ రాత్రి నుంచి హాయిగా నిద్రపోయారని రాస్తే అబద్ధమవుతుంది. అద్భుతాలు రాయకండి, చెప్పకండి. మొదటి రాత్రి కొంచెం పడుకున్నాడు. రెండో రాత్రి అసలు లేదు. వాన పట్టిన వారమైతే నొప్పి మళ్లీ మొదటికొచ్చింది, ఆయన చిరాకు పడి నా మీద కూడా ఒకసారి అరిచాడు. మర్నాడు ఫోన్ చేసి, "నిన్న జర ఎక్కువ మాట్లాడిన మేడమ్" అన్నాడు. సుధాకర్ గారికి ఎన్నడూ రాని మాట అది.

మేం చేసినవి చిన్న చిన్న పనులే. దిండు ఎక్కడ పెట్టాలో వెతికాం. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద ఒకటి, పక్కకు తిరిగితే మోకాళ్ల మధ్య ఒకటి. భుజం, నడుము, మోకాలు ఒకేసారి, దుంగ దొర్లినట్టు తిరగడం ముందే నేర్పాను. ఇప్పుడు పద్మకూ నేర్పాను, ఆయన తిరిగేటప్పుడు వీపు మీద అరచేయి ఆనించి ఉంచడం. నిజానికి ఆ చెయ్యి చేసే పనేమీ లేదు. తాను నిద్రపోయినా కాచే మనిషి పక్కన ఉందని ఆయన ఒంటికి తెలియడానికే అది.

పగలు మంచం మీద గంటల తరబడి కునికిపాట్లు పడటం మాన్పించాను. పొద్దున ఎండలోకి తీసుకెళ్లమన్నాను. ముందు మేడ మీద, తర్వాత గల్లీ చివరిదాకా, ఆ తర్వాత పక్కింటాయన తన కారులో క్యాంపస్‌కు తీసుకెళ్లి, చెట్ల కింద ఆయన పక్కనే నడిచేవాడు. మాత్ర ఇచ్చిన బాధ ఆయనకు అట్లా తీరింది. పడుకునేముందు ఫోన్‌లో వెన్ను ఆపరేషన్ వీడియోలు చూడటం కూడా ఆపించాను. అవెందుకు చూస్తారో నాకిప్పటికీ తెలియదు. ఆపరేషన్ అయినవాళ్లంతా చూస్తారు.

ఒళ్లు వదులు చేయడానికి ఊపిరి మెల్లగా వదలమంటే, ఆయనకు కుదిరేది కాదు. పొట్ట బిగించేసేవాడు. ఒకరోజు నాకు తట్టింది. "కూత పెట్టండి సార్" అన్నాను.

"ఏందీ?"

"కబడ్డీ కూత. కానీ నోట్లో కాదు, లోపల. గ్రౌండులో పెట్టినట్టు వేగంగా కాదు, బాగా మెల్లగా. ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ వదిలేయండి. అవుటయినా ఫర్వాలేదు."

పెద్ద కళ్లు చేసి నన్ను చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదలడం లేదు, ఛాతీ మాత్రం మెల్లగా దిగుతోంది. కాసేపటికి ఆయన భుజాలు చెవుల దగ్గర నుంచి కిందికి జారడం నేను చూశాను. తల దిండులోకి కొంచెం దిగింది. అంత చిన్న కదలిక కోసం నేను అన్ని వారాలు తిరిగాను.

నిద్ర రాకపోతే ఏం చేయాలో కూడా మాట్లాడుకున్నాం. పద్మను లేపొచ్చు. అది తప్పు కాదు. ఇద్దరూ లేచి కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మాట్లాడుకుని మళ్లీ పడుకోవచ్చు. "ఏం మాట్లాడుకుంటారు?" అని ఒకసారి అడిగితే, పద్మ సిగ్గుపడి, "పిల్లల పరీక్ష పేపర్లల్ల తప్పులు చదివి వినిపిస్త. నవ్వుకుంట నవ్వుకుంట పండుకుంటడు" అంది.

కొన్ని నెలలకు ఆయన గ్రౌండుకు వెళ్లాడు. కుర్చీలో కూర్చుని ఈల ఊదడం వరకే. ఆ ఏడాది జట్టు గెలిచిందో ఓడిందో నాకు గుర్తులేదు. ఆరోగ్య కేంద్రం కిటికీలోంచి ఆ ఈల విని నా పని ఆపి నిలబడటం గుర్తుంది.

రెండో శనివారం

అంతకు ముందు, ఇంకా ఆయన వాకర్‌తో ఉన్న రోజుల్లో, ఒక రెండో శనివారం పొద్దున వెళ్లాను. బెల్లు మీద వేలు పెట్టేలోపే తలుపు తెరుచుకుంది. సత్తయ్య గారే. నడుముకు బెల్టు సరిగా కట్టుకుని, వాకర్ ముందుకు పెట్టి, పెదవుల మీద వేలుంచుకుని నిలబడ్డాడు.

"మెల్లగ మేడమ్" అని గుసగుసలాడాడు. "పద్మ పండుకున్నది."

నేను లోపలికి తొంగిచూశాను. పడకగది తలుపు సగం వేసి ఉంది. మంచం మీద పద్మ, ఒక చెయ్యి ఆయన ఖాళీ చేసిన చోటు మీద పెట్టి, నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది. సూర్యుడు బాగా పైకొచ్చాడు. ఆమె మీద ఎండ పడకుండా కిటికీకి ఒక దుప్పటి అడ్డం కట్టి ఉంది. వంకరగా కట్టి ఉంది, చేతులు పైకెత్తి కట్టకూడని మనిషి కట్టినట్టు.

"దుప్పటి ఎవరు కట్టారు?" అని నేనూ గుసగుసగానే అడిగాను.

"పక్కింటాయన, రాత్రి ఆమె అన్నం తింటుంటె. నేను జెప్పినట్టు కట్టిండు, కానీ సోయి లేకుంట కట్టిండు." నవ్వాడు. మరుక్షణం మొహం గంభీరమైంది. "నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి కూసున్న కాడనే ఒరిగింది మేడమ్. అన్నం తినమంటే తిన్నది, మళ్లా ఒరిగింది. నాకు నిద్ర పడ్తున్నదని ఆమెకు నమ్మకం కుదిరింది గావొచ్చు. ఎన్ని రోజుల నిద్రనో అది. లేపబుద్ధి కాలే."

"మరి కసరత్తు?"

"గీడనే చేద్దాం."

తలుపు దగ్గరికి వేసి, ఇద్దరం చెప్పులు విడిచి, ఆ అంతస్తు వరండాలో నడిచాం. వాకర్ కాళ్లకు పాత సాక్సులు తొడిగి ఉన్నాయి, చప్పుడు కాకుండా. కింది ఇంట్లో కుక్కర్ కూత వేస్తే ఆయన ఆగి, దాని మీద కోపం తెచ్చుకున్నట్టు కిందికి చూశాడు. నేను చెప్పాల్సిన మాటలన్నీ సైగలతో చెప్పాను. మడమ ఆనించండి, చూపు ఎదరకు, భుజాలు వదలండి. అన్నీ చేశాడు. అంతకు ముందెన్నడూ అంత తేలిగ్గా ఆయన నడవడం నేను చూడలేదు.

అప్పుడే గల్లీలోకి కూరగాయల ఆటో వచ్చింది. మైకులో టమాటలు, వంకాయలు, బెండకాయలు అని చెవులు పగిలేలా అరుస్తోంది. సరిగ్గా మా కిందికి వచ్చి ఆగింది. సత్తయ్య గారు పిట్టగోడ దగ్గరికి వెళ్లాడు. వంగుతాడేమోనని నేను చెయ్యి చాచాను. వంగలేదు. నిటారుగా నిలబడి, ఒక చెయ్యి వాకర్ మీద ఉంచి, రెండో చెయ్యి తలపైకి ఎత్తాడు. కిందనున్న అతను తలెత్తి చూశాడు. సత్తయ్య గారు ఆ అరచేయి చెంప కింద పెట్టుకుని, తల కొంచెం పక్కకు వాల్చి, తర్వాత అదే చేత్తో వెనకనున్న తమ ఇంటి తలుపు వైపు చూపించాడు.

ఆ ఆటో అతను ఒక్క క్షణం అట్లాగే చూశాడు. తర్వాత మైకు కట్టేశాడు. ఆటో స్టార్ట్ చేయకుండా, దిగి, తోసుకుంటూ ముందుకు తీసుకెళ్లాడు. అది గల్లీ మలుపు తిరిగి మెయిన్‌రోడ్డు మీదికి వెళ్లేదాకా మైకు మళ్లీ మోగలేదు.